చిప్పులో మా ఊరు

మొన్న దసరాకి సిద్దిపేట పోయినప్పుడు మా పెద్దబాపు నాకొక పని అప్పజెప్పాడు. పండక్కి ఇంటికెళ్ళిన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇవి తప్పవు కదా. ప్రింటర్ నడవట్లేదు, టీవీలో యూట్యూబ్ రావట్లేదు, ఫోన్‌లో అక్షరాలు పెద్దగా చెయ్యి... జావా రాసేవాడికి ప్రింటర్ గురించి తెలిసుండక్కర్లేదని ఎంత మొత్తుకున్నా ఇంట్లో నమ్మరు. ఈసారి మాత్రం పని వేరే. ఒక పాత డిజిటల్ కెమెరా, ఒక కొత్త ట్యాబ్లెట్ నా ముందు పెట్టి, "గీ చిప్పుల ఫొటోలన్ని గీ ట్యాబుల ఎయ్యిరా. గీ చిన్న అద్దంల మొకాలు గుర్తువడ్తలేవు నాకు" అన్నాడు.

ఐదు నిమిషాల పని అనుకున్నాను. మూడొందల రూపాయల కార్డ్ రీడర్ తెచ్చి, ట్యాబ్లెట్‌కి గుచ్చి, కాపీ కొట్టి, అరిసెలు తినొచ్చు అని. పండగ మూడు రోజులూ దానికే సరిపోయాయి. ఇప్పటికీ ఆ పని పూర్తి కాలేదు.

ఎందుకంటే గ్యాలరీ తెరిస్తే 214 ఫొటోలు కనిపించాయి. అన్నిటికీ ఒకటే తేదీ. 2007 జనవరి 1. సమయం అర్ధరాత్రి పన్నెండు దాటిన రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, పదకొండు నిమిషాలు. ఫొటోల్లో చూస్తే మిట్టమధ్యాహ్నం ఎండ!

ఆ ఫొటోల్లో ఉన్నది మా ఊరు. ఇప్పుడా ఊరు లేదు. సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ రిజర్వాయర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్ లాంటి ఎనిమిది ఊళ్ళు పోయాయి. వాటిల్లో ఒకటి మాది. 50 టీఎంసీల రిజర్వాయర్. 2021లో నీళ్ళు నింపడం మొదలైంది, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభోత్సవం జరిగింది. ప్రాజెక్టు అవసరమా కాదా అన్న చర్చ ఇక్కడ పెట్టదల్చుకోలేదు, అది వేరే కథ. ఊరి జనం చాలా మంది గజ్వేల్ దగ్గర కట్టిన కాలనీలో ఉన్నారు. పెద్దబాపు వాళ్ళు సిద్దిపేటలో ఇల్లు తీసుకున్నారు. గూనపెంక ఇళ్ళు, బొడ్రాయి, పీర్ల కొట్టం, బడి, బాయిగడ్డ... ఇవన్నీ ఇప్పుడు ఉన్నదల్లా ఆ రెండు జీబీల చిప్పులోనే. ఆ చిప్పేమో అన్నీ ఒకే అర్ధరాత్రి జరిగాయంటోంది.

సరే, ఇలా ఎందుకయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. కొంచెం అంటే బాగానే వెనక్కి :)

మన హైదరాబాద్ ఫొటోల చరిత్ర అనగానే అందరూ చెప్పే పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనలో పుట్టాడు. చాలా మందికి తెలియని సంగతి ఏంటంటే ఆయనా మనలాగే ఇంజినీరింగ్ బాపతే. రూర్కీ థామసన్ కాలేజీలో చదివి (ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే) ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. ఫొటోలు తీయడం సైడ్ ప్రాజెక్టు. ఆ సైడ్ ప్రాజెక్టే చివరికి ఉద్యోగం మాన్పించి, 1880ల్లో హైదరాబాద్ తెచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ని చేసింది. సికిందరాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం విడిగా ఒక జనానా స్టూడియో కూడా తెరిచాడు, దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడ నడిపేది. 1905లో పోయాడు.

నాకు ఆయన ఫొటోల కంటే ఆయన గాజు పలకల మీద ఎక్కువ ఆసక్తి. అప్పట్లో నెగెటివ్ అంటే గాజు. కింద పడితే పగులుతుంది. అంత నాజూకు సరుకు అయినా, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన కుటుంబం దగ్గరున్న 2,857 గాజు నెగెటివ్‌లు కొనగలిగింది. అంటే తీసినాయన పోయిన 84 ఏళ్ళ తర్వాత కూడా ఒరిజినల్ ఒకచోట ఉంది! నిజాం దగ్గర ఉన్న ఆల్బం కాపీయే. ఒరిజినల్ స్టూడియోలో, పెట్టెలో.

ఈ పద్ధతే తర్వాత వందేళ్ళు నడిచింది. మా పెద్దబాపు పెళ్ళి ఫొటోల రీలు సిద్దిపేటలో ఒక స్టూడియో అతను తీశాడట. కలర్ రీలు కడగడం అప్పుడక్కడ లేదు, బస్సులో పట్నం పంపి కడిగించి తెప్పించేవారట. చేతికొచ్చినవి ప్రింట్లు. నెగెటివ్‌లు స్టూడియో వాళ్ళ దగ్గరే, కాగితపు కవర్లలో, పైన నంబరు రాసి. ఇంకో కాపీ కావాలంటే ఆ నంబరు చెప్పాలి. "నంబరు వోతే ఫొటో వోయినట్టే" అంటాడు పెద్దబాపు. ఆయన తెలుగు మాస్టారు, కంప్యూటర్ సైన్స్ చదవలేదు. కానీ ప్రైమరీ కీ గురించి ఇంతకంటే బాగా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఇక డిజిటల్. 1975 డిసెంబర్‌లో కోడాక్ కంపెనీలో స్టీవ్ శాసన్ అనే కుర్ర ఇంజినీర్ మొదటి డిజిటల్ కెమెరా చేశాడు. మూడున్నర కిలోల పైనే బరువు, వంద అడ్డం వంద నిలువు, అంటే మొత్తం పదివేల పిక్సెల్స్. ఈ ముక్క అందరూ చెప్తారు. ఎవరూ పట్టించుకోని ముక్క ఇంకోటుంది. ఆ ఫొటోని ఎక్కడ దాచాడు? మనం పాటలు వినే క్యాసెట్ లాంటి టేపు మీద. ఒక్క ఫొటో ఎక్కడానికి 23 సెకన్లు. ఆ తర్వాత క్యాసెట్ తీసి ఇంకో పెట్టెలో పెడితే, ఆ పెట్టె చదివి టీవీ మీద చూపించేది. అంటే పుట్టిన రోజు నుంచే డిజిటల్ కెమెరాకి ఈ జబ్బుంది. ఫొటో తీసేది ఒకటి, చూసేది ఇంకోటి, మధ్యలో మోసుకెళ్ళేది మూడోది. మా పెద్దబాపు చిప్పు, రీడర్, ట్యాబ్లెట్... అదే బొమ్మ, యాభై ఏళ్ళ తర్వాత.

90ల్లో కెమెరాలు బజార్లోకి వచ్చినప్పుడు ఈ మధ్యలో ఉన్న "మూడోది" దగ్గరే అంతా కొట్టుకున్నారు. 1995లో క్యాసియో క్యూవీ-10 వచ్చింది. వెనకాల చిన్న తెర ఉన్న కెమెరా. 96 ఫొటోలు పట్టేవి కానీ కార్డు లేదు. కంప్యూటర్‌కి సీరియల్ కేబుల్‌తో లాక్కోవాలి. 1997లో సోనీ వాళ్ళు మావికా అని ఒకటి తెచ్చారు. దాంట్లో పెట్టాల్సింది ఏంటో తెలుసా? ఫ్లాపీ! 1.44 ఎంబీల మామూలు ఫ్లాపీ. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అది బాగా అమ్ముడుపోయింది. ఫొటో క్వాలిటీ వల్ల కాదు. ఫ్లాపీ తీసి ఏ కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకునేది, అందుకు. కేబుల్ అక్కర్లేదు, డ్రైవర్ అక్కర్లేదు, సీడీ వెతుక్కోవక్కర్లేదు. (డ్రైవర్ సీడీ కోసం బీరువా అంతా వెతికిన తరం వాళ్ళు చేతులెత్తండి.)

కార్డుల సంగతీ అంతే. 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్, 1995లో స్మార్ట్‌మీడియా, 1998లో మెమరీ స్టిక్, 1999లో ఎస్‌డీ, 2002లో ఎక్స్‌డీ. ఒకదాని కన్నంలో ఇంకోటి పట్టదు. చివరికి ఎస్‌డీ గెలిచింది. పెద్దబాపు కొడుకు, అంటే మా అన్న, 2007లో డాలస్ నుంచి తెచ్చిన కెమెరాలో ఎస్‌డీ కార్డు ఉండటం మా అదృష్టం. ఎక్స్‌డీ అయ్యుంటే ఈ దసరాకి నేను రీడర్ కోసం జగదీశ్ మార్కెట్ చుట్టూ తిరుగుతూ ఉండేవాణ్ణి.

అయితే కన్నంలో కార్డు పట్టడం ఒక్కటే చాలదు. లోపల ఏముందో ఎలా తెలియాలి? ఒక్కో కంపెనీ ఒక్కో ఫోల్డర్‌లో ఒక్కో పేరుతో పెట్టుకుంటే, చదివేవాడు ఎన్నని నేర్చుకుంటాడు? ఇక్కడే మనలాంటి వాళ్ళు దండం పెట్టుకోవాల్సిన ఒక కాగితం ఉంది. 1998లో జపాన్ ఎలక్ట్రానిక్స్ సంఘం జెయిడా ఒక స్టాండర్డ్ రాసింది. డీసీఎఫ్ అంటారు. దాంట్లో మ్యాజిక్కేం లేదు. కార్డు మొదట్లో డీసీఐఎం అనే ఫోల్డర్ ఉండాలి. దాంట్లో 100 నుంచి 999 దాకా నంబరుతో మొదలయ్యే ఫోల్డర్లు. వాటిల్లో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు ఉన్న ఫైళ్ళు, 0001 నుంచి 9999 దాకా. అంతే! ఫొటో లోపల తేదీ, కెమెరా పేరు, షట్టర్ వేగం రాసే ఎక్సిఫ్ అనేది అదే సంఘం 1995లోనే మొదలుపెట్టింది. దాని కిందున్న ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఇంకా ముసలిది, 1977 నాటిది.

చదవడానికి ఇంత బోరు కొట్టే డాక్యుమెంట్ ఇంకోటి ఉండదు. కానీ ఆలోచించండి. ఒకళ్ళ వ్యాపారం ఒకళ్ళు లాక్కోవాలని చూసే కంపెనీలు కూర్చుని ఒక ఫోల్డర్ పేరు మీద ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందం వల్లే పన్నెండేళ్ళ తర్వాత, 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ వచ్చినప్పుడు, యూఎస్‌బీ కన్నం కూడా లేని ఆ పలక ఒక చిన్న అడాప్టర్‌తో ఏ కెమెరా కార్డునైనా చదవగలిగింది. అది వెతికేది డీసీఐఎం కోసమే. అదే ఫొటోలు వేరే పేరున్న ఫోల్డర్‌లో పెట్టిస్తే "ఫొటోలు లేవు" అనేది మహాతల్లి. 2011 మేలో ఆండ్రాయిడ్ 3.1 వచ్చాక ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లు కూడా కెమెరాని నేరుగా తగిలించుకోవడం నేర్చుకున్నాయి. అదే ఏడాది అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ గుర్తుందా? మొదటి విడత మన హైదరాబాద్‌లోనే బిగించారు. పాపం దానికి రెండు యూఎస్‌బీ కన్నాలున్నాయి గానీ లోపల ఆండ్రాయిడ్ 2.2, ర్యామ్ 256 ఎంబీ. కన్నం ఉంది, భాష రాదు.

ఇప్పుడు నా పాపం చెప్పాలి.

2014లో నేను ఇంటర్ చదువుతున్నాను. అన్న పాత ట్యాబ్లెట్ ఒకటి ఇంటికి పంపాడు. పెద్దబాపు ఇలాగే, ఇదే చిప్పు ఇచ్చి, ఇదే మాట అన్నాడు. 2007 నుంచి 2013 దాకా ఆయన తీసినవి నాలుగొందల దాకా ఫొటోలు. అడాప్టర్ గుచ్చాను. అన్నీ ట్యాబ్లెట్‌లోకి వచ్చాయి. చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. కార్డులో ఉన్నవి తీసేయమంటావా, ఉంచమంటావా?

తీసేయమన్నాను. చోటు ఖాళీ అవుతుంది కదా అని. పదిహేడేళ్ళ వయసులో "క్లీన్"గా ఉండటం అంటే అదో పిచ్చి.

ఏడాది తిరిగేసరికి ట్యాబ్లెట్ హ్యాంగ్ అయింది. దుకాణానికి తీసుకెళ్తే "సాఫ్ట్‌వేర్ కొట్టాలి" అన్నారు. కొట్టించారు. అయిపోయింది. మా బాపమ్మ అరుగు మీద కూచున్న ఫొటోలు, ఆవిడ చేతిలో నేనున్న ఫొటో (2007లో నాకు పదేళ్ళు, అంత పెద్దోణ్ణి ఎత్తుకుంది), 2011లో ఆవిడ పోయే ముందు దీపావళి... అన్నీ పోయాయి. పెద్దబాపు ఒక్క మాట కూడా అనలేదు. కెమెరా సంచిలో పెట్టి అటక మీద పెట్టాడు. మళ్ళీ నాలుగేళ్ళు తీయలేదు.

రీలు కెమెరా రోజుల్లో నాకు ఈ తప్పు చేసే అవకాశమే లేదు. ప్రింటు పోతే నెగెటివ్ ఉంటుంది. కవరు మీద నంబరుంటుంది. డిజిటల్‌లో ఒరిజినల్‌కి అడ్రస్ లేదు. ఎక్కడుంటే అదే ఒరిజినల్. మనం "ట్రాన్స్‌ఫర్" అంటాం. ఆ మాటలో కాపీ ఉందా, బదిలీ ఉందా? తెలుగులో "ఫొటోలు ట్యాబులో ఎయ్యి" అంటాం. వేయడం అంటే ఇక్కడ తీసి అక్కడ వేయడమే కదా! ఆ బటన్ పెట్టిన ఇంజినీర్ కూడా మనలాంటి వాడే. ప్రోగ్రెస్ బార్ వంద దాటితే పని అయిపోయిందని వాడి లెక్క. నా లెక్కా అప్పుడు అదే.

2018 చివర్లో ఊరు ఖాళీ చేయక తప్పదని తేలినట్టున్నప్పుడు పెద్దబాపు కెమెరా మళ్ళీ దించాడు. రెండు పెన్ సెల్లులు వేస్తే పనిచేసింది. కానీ లోపల గడియారం నడిపే బిళ్ళ సెల్లు ఒకటి ఉంటుంది, అది ఎప్పుడో చచ్చిపోయింది. ఆన్ చేసిన ప్రతిసారీ కెమెరా తేదీ అడిగేది, ఆయన ప్రతిసారీ ఓకే కొట్టేవాడు. ఆన్ చేసిన ప్రతిసారీ 2007 జనవరి 1, అర్ధరాత్రి. అదన్నమాట కథ. అలా 2020 దాకా, వాడవాడా తిరిగి, ఇంటింటి ముందు ఆ ఇంటోళ్ళని నిలబెట్టి 214 ఫొటోలు తీశాడు.

దసరా రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక ఆలోచన వచ్చింది. ఫ్యాట్‌లో డిలీట్ అంటే ఏంటో మీకు తెలిసే ఉంటుంది. ఫొటోని చెరపదు. పేరులో మొదటి అక్షరం తీసేసి అక్కడ ఒక గుర్తు పెడుతుంది, ఆ చోటు ఖాళీ అని పట్టికలో రాసుకుంటుంది. కొత్తది వచ్చి కూచునేదాకా పాతది అక్కడే ఉంటుంది. రెండు జీబీల కార్డు. నాలుగొందలు తీసేశాక మళ్ళీ ఎక్కినవి 214 మాత్రమే. అంటే...

కార్డుకి పక్కన ఉండే చిన్న లాక్ కిందికి జరిపి (ఎప్పుడైనా చేసే మొదటి పని అదే, గుర్తుపెట్టుకోండి), ల్యాప్‌టాప్‌లో మొత్తం కార్డుని ఒక ఇమేజ్‌గా తీసుకుని, దాని మీద ఫొటోరెక్ నడిపాను. ఉచితంగా దొరికే ప్రోగ్రామే. పేర్లూ ఫోల్డర్లూ పట్టించుకోదు, ఏ బ్లాకులో జేపెగ్ మొదలైతే అక్కడి నుంచి లాగుతుంది. పొద్దున నాలుగింటికి 163 ఫొటోలు బయటికొచ్చాయి. 2007, 2008 నాటివి దాదాపు అన్నీ పోయాయి, కొత్తవి వాటి మీదే కూచున్నాయి. 2009 నుంచి ఉన్నాయి. బాపమ్మ మూడింట్లో ఉంది. నన్నెత్తుకున్నది లేదు.

ఇక్కడ ఒక తమాషా చూడండి. ఆ 163కీ పేర్లు లేవు, ఫొటోరెక్ ఇచ్చిన పిచ్చి నంబర్లే. కానీ తేదీలున్నాయి, ఎందుకంటే ఎక్సిఫ్ ఫొటో కడుపులో ఉంటుంది, అప్పటికి బిళ్ళ సెల్లు బతికే ఉంది. తర్వాతి 214కి పేర్లు, వరుస నంబర్లు చక్కగా ఉన్నాయి, తేదీ లేదు. ఒకదానికి తల లేదు, ఇంకోదానికి కాళ్ళు లేవు.

ఉన్న తేదీలు కూడా సరైనవా అంటే అదీ లేదు. బాపమ్మ పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లుతున్న ఫొటో ముందురోజు రాత్రి 8 గంటలకి తీసినట్టుంది! కాసేపు బుర్ర గోక్కుని, తర్వాత నవ్వుకున్నాను. అన్న డాలస్‌లో గడియారం పెట్టి తెచ్చాడు, ఎవరూ మార్చలేదు. పదిన్నర గంటల తేడా. టైమ్‌జోన్ రాసే గడి ఎక్సిఫ్‌లోకి 2016 దాకా రానే లేదు. ప్రపంచమంతా వాడే స్టాండర్డ్‌లో "ఎక్కడి టైము" అన్న ప్రశ్న ఇరవై ఏళ్ళు లేదంటే... మనం రాసే కోడ్‌ని తిట్టుకోవడం కొంచెం తగ్గించొచ్చు.

సరే, 214 సంగతి. టైమ్‌స్టాంప్ కాలమ్ చెడిపోయింది, ఆటో ఇంక్రిమెంట్ ఐడీ బాగుంది. వరుస తెలుసు, తేదీ తెలీదు. మధ్యలో నాలుగు గట్టి మేకులు దొరికితే మిగతావి వాటి మధ్య వేలాడదీయొచ్చు. నేను, పెద్దబాపు, పెద్దమ్మ ముగ్గురం ట్యాబ్లెట్ ముందేసుకుని కూచున్నాం. వేళ్ళతో పెద్దది చేసి చూడొచ్చు కాబట్టి ఆయన ట్యాబ్లెట్ అడగడం ఎంత సరైనదో అప్పుడర్థమైంది.

మొదటి మేకు పెద్దమ్మ వేలు. 0447లో ఆవిడ ఎడమచేతి చూపుడు వేలికి సిరా. ఓట్లు. కానీ ఏ ఓట్లు? అసెంబ్లీ ఎన్నికలు 2018 డిసెంబర్ 7న, పార్లమెంటువి 2019 ఏప్రిల్ 11న. ఫొటో పెద్దది చేస్తే వెనకాల యాపచెట్టు నిండా పూత. డిసెంబర్‌లో యాపపూత ఉండదు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 6. "ఉగాది పచ్చడికి గా చెట్టు పూతనే తెంపినం" అంది పెద్దమ్మ. ఏప్రిల్ 11.

రెండోది నేనే పట్టుకున్నాను, కొంచెం గర్వంగానే ఉంది. 0538లో పెద్దగా ఏమీ లేదు, ఖాళీ వాకిలి. ఎందుకు తీశాడో ఆయనకే గుర్తులేదు. యాపచెట్టు నీడలో నేల మీద ఎండ చుక్కలు. పెద్దది చేస్తే ఆ చుక్కలు గుండ్రంగా లేవు, అన్నీ కొడవలి ఆకారంలో ఉన్నాయి. గ్రహణం! ఆకుల సందుల్లోంచి వచ్చే ప్రతి చుక్కా సూర్యుడి బొమ్మే, పిన్‌హోల్ కెమెరా సూత్రం. మనవైపు పాక్షికంగా కనిపించిన సూర్యగ్రహణాలు ఆ రోజుల్లో రెండు, 2019 డిసెంబర్ 26, 2020 జూన్ 21. ఏదన్నది మూడో మేకు తేల్చింది. 0571లో జనం వాకిళ్ళలో నిలబడి ఇత్తడి పళ్ళాలు, గంటెలు పట్టుకుని ఉన్నారు. 2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ, సాయంత్రం ఐదు. 538 అనేది 571కి ముందు కాబట్టి గ్రహణం డిసెంబర్‌దే.

"గరం పడితే బయటికి రావద్దంటరు, నువ్వేమో ఫొటో దీసినవా" అని పెద్దమ్మ ఆయన మీద లేచింది. ఐదేళ్ళు దాటాక :)

ఇదంతా చేస్తుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. మన దగ్గర ఊళ్ళు మునగడం కొత్త కాదు. నాగార్జునసాగర్ కట్టే ముందు 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్ళు నాగార్జునకొండ లోయంతా తవ్వి, ఫొటోలు తీసి, కొన్ని కట్టడాలని కొండ మీద మళ్ళీ కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అలాంటి పనిలో ప్రతి రాయికీ నంబరు వేస్తారు, లేకపోతే మళ్ళీ పేర్చలేరు. గుళ్ళకి ఆ భాగ్యం దక్కింది. మామూలు ఇళ్ళకి, గొడ్ల కొట్టాలకి, బడి గోడ మీది ఎక్కాలకి ఎవరు నంబరు వేస్తారు?

ఒక మామూలు ఊరిని పద్ధతిగా రాసిపెట్టిన సందర్భం లేకపోలేదు. జేబీఎస్ నుంచి సిద్దిపేట బస్సెక్కితే దారిలో శామీర్‌పేట వస్తుంది కదా (2023 అక్టోబర్ నుంచి సిద్దిపేటకి రైలుంది గానీ నాకింకా బస్సే అలవాటు). 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి ఎస్.సి. దూబే ఒక బృందాన్ని వెంటేసుకుని ఆ ఊరిని అధ్యయనం చేశాడు. 1955లో "ఇండియన్ విలేజ్" పేరుతో పుస్తకంగా వచ్చింది. ప్రపంచంలో సోషియాలజీ చదివేవాళ్ళకి శామీర్‌పేట పేరు తెలుసు. అదే రోడ్డు మీద ఇంకో డెబ్బై కిలోమీటర్లు పోతే వచ్చే మా ఊరికి యూనివర్సిటీ రాలేదు. రెండు పెన్ సెల్లుల కెమెరాతో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నాడు. ఆయన చేసిన పనిని పట్టుకుని నిలబెట్టింది 1998 నాటి ఒక బోరు స్టాండర్డ్. దాదాపు చెడగొట్టింది నేను.

మూడో రోజు మధ్యాహ్నం కాపీ మొదలుపెట్టాను. కార్డు నుంచి ల్యాప్‌టాప్, అక్కడి నుంచి ట్యాబ్లెట్, ఒక పెన్‌డ్రైవ్. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ చూశాను. ఇంట్లో వాళ్ళు నన్ను విచిత్రంగా చూశారు, చూస్తే చూశారు. డాలస్ నుంచి అన్న "వాట్సాప్ గ్రూప్‌లో పడేయ్ రా, అయిపోద్ది" అన్నాడు. పడేస్తే నిజంగానే అయిపోతుంది. వాట్సాప్ ఫొటోని నలిపి చిన్నది చేస్తుంది, ఎక్సిఫ్ మొత్తం గీకేస్తుంది. అంత కష్టపడి బయటికి లాగిన 163 తేదీలూ మళ్ళీ గోవిందా. డాక్యుమెంట్‌గా పంపితే ఆ బాధ లేదు. జిప్ చేసి అలాగే పంపాను. ఆ జిప్ తెరవడం అన్నకి రాలేదు, అది వేరే సంగతి.

214కి సరైన తేదీలు ఎక్సిఫ్‌లో రాసేస్తానని, రెండు నిమిషాల స్క్రిప్టని పెద్దబాపుతో అన్నాను. ఒప్పుకోలేదు.

"మనం అనుకున్న తేదీలు అవి. కెమెరా చెప్పినవి కావు గదా. రేపు తప్పని తేలితే?"

"మరి ఎట్ల పెద్దబాపూ, గ్యాలరీల అన్నీ ఒక్కతాన్నే వస్తున్నయ్ గదా."

"రానియ్. అసలుదాన్ని ముట్టకు. ఎనకటి లెక్క బుక్కుల రాస్త."

లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీశాడు. మొదటి గడిలో ఫైలు నంబరు, తర్వాత ఇంటిపేరు, నిలబడ్డ వాళ్ళు ఎవరెవరు, చివర్లో మేమనుకున్న తేదీ, ఎందుకనుకున్నామో ఒక ముక్క. "యాపపూత", "గరం ఎండ", "పళ్ళాలు". పాత స్టూడియో కవర్ల మీద నంబరు రాసినట్టే. నేను ఇంతకుముందు పనిచేసిన ఏ ప్రాజెక్టులోనూ అంత శుభ్రమైన డాక్యుమెంటేషన్ చూడలేదు.

201 అయ్యాయి. 13 మిగిలాయి. ఎవరి ఇల్లో, ఎవరి పిల్లలో ముగ్గురం ఎంత చూసినా గుర్తు రాలేదు. ఒకదాంట్లో ఇద్దరు చిన్నపిల్లలు సగం కూలిన గోడ మీద కూచుని కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తున్నారు. గజ్వేల్ కాలనీలో ఉన్నోళ్ళని అడిగితే ఎవరో ఒకరు చెప్తారని పెద్దమ్మ అంది. వచ్చే ఆదివారం పెద్దబాపు, నేను ట్యాబ్లెట్ పట్టుకుని అక్కడికి పోతున్నాం. చార్జింగ్ నిండా పెట్టమని ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

చిప్పు మాత్రం నాకివ్వలేదు. లాక్ కిందికి ఉందో లేదో ఒకసారి చూసుకుని, అగరొత్తుల డబ్బాలో పెట్టి బీరువాలో దాచేశాడు.